బతికున్న పిల్లోడి దగ్గరికి ముందు పోదాం

ఏటా ఎండాకాలం ఇంటరు ఫలితాలు వస్తాయి. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున రెండంగుళాల వార్త పడుతుంది. పరీక్ష తప్పానన్న మనస్తాపంతో విద్యార్థి ఆత్మహత్య. పిల్లోడి పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు నమోదు చేసుకున్న ఎస్సై పేరు. అంతే. మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటన, టై కట్టిన పిల్లల ఫోటోలు. పరీక్షల కాలం కాకపోతే కారణం మారుతుంది. కడుపునొప్పి తాళలేక అని రాస్తారు. తెలుగు పత్రికల్లో ఈ కడుపునొప్పి ఎన్నేళ్ళుగా ఎంతమందిని మింగిందో! ఆ నొప్పి కడుపుది కాదని రాసినవాడికీ తెలుసు, రాయించిన పోలీసుకీ తెలుసు.

2019 ఏప్రిల్ సంగతి మనం మరవలేదు. తెలంగాణ ఇంటరు ఫలితాల్లో మార్కులు తారుమారయ్యాయి. 99 మార్కులు వచ్చిన పిల్లకు సున్నా వేశారు. కొద్ది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. తర్వాత కమిటీ వేశారు, తప్పిన పిల్లలందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూస్తామన్నారు. తప్పు పెద్దలది, పోయింది పిల్లలు.

అయితే ఒక్క మాట నిదానంగా ఆలోచించాలి. ఆ ఏడాది పరీక్ష తప్పిన పిల్లలు మూడు లక్షల పైచిలుకు. వాళ్ళలో దాదాపు అందరూ బతికే ఉన్నారు. కొందరు మళ్ళీ రాశారు, కొందరు పనుల్లో పడ్డారు. పరీక్ష తప్పడమే చావుకు కారణమైతే ఈ లక్షల మంది ఎట్లా బతికారు? పరీక్ష అన్నది నిండిన కుండలో ఆఖరి చెంబు నీళ్ళు. ఆ కుండ ఎప్పటినుంచి నిండుతోంది, ఎవరెవరు నింపారు? పేపరు ఆ సంగతి అడగదు. మనం అడగాలి.

లెక్కలు చూద్దాం. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్క ప్రకారం ఈ దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది. అందులో విద్యార్థులు 13,044. రోజుకి 35 మంది. అన్ని వయసులూ కలిపితే పదిమందిలో ఏడుగురు మగవాళ్ళు. ప్రతి నలుగురిలో ఒకరు రోజుకూలి చేసుకునేవాడు. 18 ఏళ్ళలోపు వాళ్ళలో మాత్రం ఆడపిల్లలే కాస్త ఎక్కువ. వాళ్ళ బాధ వేరే రాయాల్సినంత ఉంది, రాస్తాం. ఈసారి మగపిల్లల గురించి ఎందుకంటే, వీళ్ళు చెప్పరు. ఆఖరి గంట దాకా చెప్పరు.

ఈ సంస్థ ఏటా అచ్చువేసే పుస్తకంలో చచ్చిపోయినవాడి వయసుంటుంది, చదువుంటుంది, పెళ్ళయ్యిందో లేదో ఉంటుంది. కులం గడి మాత్రం ఉండదు. బడిలో చేర్చుకునేటప్పుడు అడిగే కులం, హాస్టల్లో సీటిచ్చేటప్పుడు అడిగే కులం, స్కాలర్షిప్పు కాగితం మీద రాయించే కులం, పిల్లోడు పోయాక ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది.

కిందటేడు మేము పల్నాడు వైపు ఒక ఊరికి పోయాం. ఊరి పేరు రాయం, పిల్లోడి పేరు రాయం. వాడికి 17 ఏళ్ళు. ఇంటరు మొదటి సంవత్సరం, బైపీసీ. ఇవాళ బతికున్నాడు, అందుకే ఈ సంగతి రాయగలుగుతున్నాం. వాడి అమ్మ మిరప కోతలకు పోతుంది. నాన్న తాగుతాడు, తాగినరోజు కొడతాడు. పదో తరగతిలో వాడికి మంచి మార్కులు వచ్చాయి. వాడలో అందరూ డాక్టరని పిలవడం మొదలుపెట్టారు. అమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి టౌన్లో పెద్ద కాలేజీలో చేర్పించింది.

అక్కడ మార్కుల్ని బట్టి సెక్షన్లు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లోడు మొదటి నెల టెస్టుకే కింది సెక్షన్లో పడ్డాడు. తెల్లారుజామున లేపుతారు, రాత్రి పదకొండింటి దాకా కూర్చోబెడతారు. నిద్ర లేదు. ఎవరు ఏ ర్యాంకులో ఉన్నారో ప్రతి సోమవారం గోడ మీద అంటిస్తారు. పక్క మంచం పిల్లోడు ఒకరోజు నవ్వుతూ అన్నాడంట, 'నీకేంరా, చదవకపోయినా సీటొస్తుంది'. ఆ తర్వాత అది వాడి పేరైపోయింది. సీటు. 'ఏరా సీటూ, అన్నం తిన్నావా?' లెక్చరరు కూడా ఒకసారి ఆ పేరుతోనే పిలిచాడు. క్లాసంతా నవ్వింది. వీడూ నవ్వాడు. నవ్వకపోతే ఉడుక్కున్నాడంటారని.

'ఆ రోజునుంచీ నాకు అన్నం దిగలేదు సార్' అన్నాడు మాతో.

మూడు నెలలు చచ్చిపోవాలన్న ఆలోచనతోనే తిరిగాడు. ఎందుకురా అంటే వాడు చెప్పిన జవాబు వినండి. 'నేను లేకపోతే మా అమ్మకు ఖర్చు తగ్గుద్దనుకున్నా'. ఇది పిరికితనమా? ఈ పిల్లోడు తన చావుని కూడా అమ్మకు సాయం కింద లెక్కేసుకున్నాడు. ఈ విషయం మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు కూడా ఈ రెండు మాటలే చెప్తారు. ఒకటి, నేను నావాళ్ళకు భారం అనుకోవడం. రెండోది, నేను ఎవరికీ చెందినవాణ్ణి కాదనుకోవడం. ఈ రెండూ కలిసి, ఇది ఎప్పటికీ మారదనిపించినప్పుడు మనిషికి చావు మీదికి ధ్యాస పోతుంది. ఇప్పుడు మీరే చెప్పండి. నువ్వు మాకు చెందవు అని వెయ్యి రకాలుగా చెప్పే పని ఈ దేశంలో ఎవరిది? కులానిది. దానికి వేరే తిట్టక్కర్లేదు, ఒక పేరు చాలు, ఒక నవ్వు చాలు. నువ్వు భారం అని చెప్పే పని ఎవరిది? అప్పుది. ఫీజుది. ప్రభుత్వం ఫీజు డబ్బులు విడుదల చేయకపోతే పిల్లోడి సర్టిఫికెట్లు పట్టుకు కూర్చునే కాలేజీది.

అందుకే మనసు వేరు, సమాజం వేరు అని విడదీసే మాట మేము ఒప్పుకోం. బయట ఉన్నదే లోపలికి పోయి కూర్చుంటుంది. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల్ని హాస్టళ్ళలోనూ క్లాసుల్లోనూ ఎట్లా వేరు చేస్తున్నారో రాసిపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ముంబై ఐఐటీలో మొదటి ఏడాది చదువుతున్న 18 ఏళ్ళ దళిత విద్యార్థి చనిపోయాడు. సంస్థ వేసిన కమిటీ ఏమంది? కుల వివక్షకు నేరుగా సాక్ష్యం లేదు, చదువులో వెనకబడడం కారణం కావచ్చు అంది. అమ్మా నాన్నా ఒప్పుకోలేదు. పల్లెలో కడుపునొప్పి, ఐఐటీలో మార్కులు.

అట్లాగని అంతా కులమే, లోపల జబ్బేమీ లేదు అనడం కూడా తప్పే. ఈ తప్పు మనం చేస్తున్నాం. కుంగుబాటు అన్నది జబ్బు. మలేరియా లాగా, పచ్చకామెర్ల లాగా జబ్బు. దానికి డాక్టరుంటాడు, మందుంటుంది. మన వాడల్లో దానికి గాలి సోకిందంటారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు, తాయెత్తు కడతారు. లేదంటే బద్ధకం అంటారు, సెల్లు పిచ్చి అంటారు. మగపిల్లల్లో ఈ జబ్బు ఏడుపులా కనపడకపోవచ్చు. కోపంలా కనపడుతుంది. ఊరికే గొడవ పెట్టుకుంటాడు. తాగడం మొదలుపెడతాడు. బండి అడ్డదిడ్డంగా తోలతాడు. రాత్రి నిద్రపోడు, పగలు లేవడు. వీడు చెడిపోయాడని ఊరంతా తీర్మానం చేసేస్తుంది.

మగాడివి, ఏడుస్తావేంట్రా అంటాం మనం. 1917లో కొలంబియాలో చదువుకొని వచ్చి బరోడాలో ఉద్యోగానికి చేరిన అంబేద్కర్ని, పార్సీల సత్రంలో ఉన్నందుకు కర్రలు పట్టుకొచ్చి బయటికి పంపేశారు. 18 ఏళ్ళ తర్వాత ఆ సంగతి రాసుకుంటూ, అది తలుచుకుంటే ఇప్పటికీ కన్నీళ్ళు వస్తాయని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన బొమ్మ కింద నిలబడి మన పిల్లలకు ఏడవొద్దని చెప్తున్నాం.

ప్రేమ సంగతి కూడా చెప్పాలి. మన పిల్లోడు పెద్దకులం అమ్మాయిని ఇష్టపడితే వాడి గుండెల్లో ఎంత భయం ఉంటుందో మనకు తెలియంది కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికిన వీడియో ప్రతి పిల్లోడి ఫోన్లోకీ వచ్చింది. అమ్మాయి వాళ్ళు బెదిరిస్తారు. మన పెద్దలు, వాడకు చేటు తెచ్చావురా అని తిడతారు. రెండు పక్కలా తలుపులు మూసుకున్నట్టే. ఇక్కడ మరొకటి. ఇట్లాంటి చోట్ల జరిగిన ప్రతి చావునీ పోలీసులు ఆత్మహత్య అంటే ఆత్మహత్యే అని మనం తలూపకూడదు. శవపరీక్ష కాగితం అడగాలి, అనుమానం ఉంటే తిరగదోడమనాలి.

ఇప్పుడు మన గురించి. చేదుగా ఉంటుంది, అయినా రాయాలి.

2016 జనవరి 17న హైదరాబాదు యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు మనం రోడ్డెక్కాం. ఎక్కాలి కూడా. హాస్టలు నుంచి వెళ్ళగొట్టి, వెలివేసి చంపారని అన్నాం. అది నిజం. అయితే ఆ తర్వాత చాలా సభల్లో మన మాట ఇంకోలా మారింది. చనిపోయి మేల్కొలిపాడు, ప్రాణమిచ్చి దారి చూపాడు అన్నాం. గోడల మీద బొమ్మలేశాం, పాటలు కట్టాం. ముందు వరసలో కూర్చున్న పదహారేళ్ళ పిల్లోడు ఆ మాటల్లో ఏం విన్నాడు? బతికుంటే నన్ను ఎవరూ చూడరు, చస్తే చూస్తారు అని విని ఉంటే ఆ పాపం ఎవరిది? పైగా చస్తే వింటారన్నది కూడా అబద్ధం. 2024 మే నెలలో పోలీసులు ఆ కేసు మూసేస్తామని హైకోర్టుకు ఇచ్చిన కాగితంలో రోహిత్ అసలు ఎస్సీయే కాదని రాశారు. ఆయన తల్లి, తోటి విద్యార్థులు మళ్ళీ తిరగబడితేనే ఇంకా దర్యాప్తు చేస్తామన్నారు. కొట్లాడింది ఎవరు? బతికున్నవాళ్ళు.

పిల్లోడు పోయాక జెండాలు పట్టుకొని, పాడె మోసి, ఎక్స్‌గ్రేషియా కోసం రాస్తారోకో చేస్తాం. ఆ పిల్లోడే ముందు నెలలో వాడలో అరుగు మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు మనలో ఎవరైనా పక్కన కూర్చున్నామా? పల్నాడు పిల్లోడి సంగతి మళ్ళీ చూడండి. వాడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తన క్రికెట్ బ్యాటు బాబాయి కొడుక్కి ఇచ్చేశాడు. నేను లేకపోతే తమ్ముణ్ణి బాగా చదివించుకో అన్నాడు అమ్మతో. స్నేహితుడితో, ఇక నా కోసం చూడొద్దురా అన్నాడు. మూడు సార్లు చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. అప్పుడు ఆ ఇంట్లో మా సంఘం కార్యకర్త ఒకడు భోజనం చేస్తున్నాడు కూడా, జయంతి సభ చందా లెక్కలు మాట్లాడుతూ.

విన్నది వాడి మేనమామ. లారీ క్లీనరు, నాలుగో తరగతితో చదువు ఆపినవాడు. పిల్లోణ్ణి చెరువు గట్టుకు తీసుకుపోయి నేరుగా అడిగాడు. 'ఏరా అల్లుడూ, చచ్చిపోవాలని ఉందా ఏంది?' పిల్లోడు అరగంట ఏడ్చాడంట. మామ ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

ఆ మామ చేసిన పనిలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకు భయం. అది తప్పని పరిశోధనల్లో తేలింది. అడిగితే బరువు దిగుతుంది. డొంకతిరుగుడు లేకుండా అడగాలి, అడిగాక నోరు మూసుకుని వినాలి. నీకేం తక్కువైంది, మేమెంత కష్టపడ్డాం, మీ అమ్మ ముఖం చూడు, ఇట్లాంటి మాటలు అప్పుడు వద్దు. ముందే భారమనుకుంటున్నవాడి మీద ఇంకో బస్తా వేసినట్టవుతుంది. ఎవరికీ చెప్పనని వాడికి ఒట్టు వేయొద్దు. ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పి తీరాలి. ఇదివరకు ఒకసారి ప్రయత్నించినవాణ్ణి మరింత కనిపెట్టి ఉండాలి.

ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు. గానుగెద్దుకు గంతలు కట్టినట్టు ఆ కాసేపు పక్క దారి ఏదీ కనపడదు. అది దాటితే మనిషి బతుకుతాడు. ప్రయత్నం చేసి బయటపడ్డవాళ్ళలో పదింట తొమ్మిది మంది తర్వాత అట్లా చనిపోరు. అందుకే ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంచొద్దు. తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గర ఉంచండి, ఇంకా నయం వాడలో ఎవరింట్లోనూ నిలవ పెట్టకపోవడం. ఇది చిన్న మాట కాదు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపు పురుగుమందుల్ని ఒక్కొక్కటీ నిషేధించుకుంటూ వచ్చారు, తర్వాత ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు డెబ్భై శాతం దాకా తగ్గింది. అక్కడి జనం కష్టాలేమీ తీరిపోలేదు. చేతికందే దూరంలో విషం లేదు, అంతే.

కేసవుతుందని ఆసుపత్రికి తీసుకుపోనివాళ్ళు ఉన్నారు. ఆ భయం పోగొట్టాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టంలో పాత 309 సెక్షను లేనే లేదు. అధికారిని ఒత్తిడి చేయడానికి బెదిరిస్తే మాత్రం వేరే సెక్షనుంది, దానికీ పిల్లోడి బాధకూ సంబంధం లేదు. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు కబురు చెప్తారు, వాళ్ళు వచ్చి వాంగ్మూలం రాసుకుంటారు. దానికి బెదిరి పిల్లోణ్ణి పోగొట్టుకోవద్దు.

ఫోను నెంబరు ఒకటి రాసుకోండి. 14416. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పిల్లోడే చేయొచ్చు, పిల్లోడి గురించి అమ్మ కూడా చేయొచ్చు.

హాస్టళ్ళ సంగతికొస్తే మన చేతికి ఒక ఆయుధం వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి చావు కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిస్తూ 15 మార్గదర్శకాలు పెట్టింది. చట్టం వచ్చేదాకా ఇవే చట్టం. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు సిగ్గు తీయడం వీలైనంతవరకు మానాలి. టెలీ మానస్ నెంబరు హాస్టలు గోడల మీద పెద్దక్షరాల్లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి నేర్పాలి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉండి ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడాలి. తీర్పు కాగితం మీద ఉంది. మీ మండలం హాస్టలు గోడ మీద ఆ నెంబరు ఉందా? కలెక్టరు కమిటీ ఒక్కసారైనా కూర్చుందా? పోయి చూడండి, చూసింది రాతపూర్వకంగా కలెక్టరుకివ్వండి, నకలు మాకు పంపండి. అచ్చువేస్తాం.

ఇక ఫలితాల రోజు. ఇప్పటినుంచే ప్రతి సంఘం తన వాడలో పది, ఇంటరు రాస్తున్న పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మగపిల్లలవీ, ఆడపిల్లలవీ. హాస్టల్లో ఉన్నవాడెవడు, ఇంట్లో ఉన్నవాడెవడు, అప్పు తెచ్చి చదివిస్తున్న ఇల్లేది, ఈ మధ్య మాట తగ్గించినవాడెవడు. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరు తేదీ ఆ నోటుబుక్కు మీదే రాసి ఉంచాలి. ఫీజు కట్టలేని ఇంటికి సంఘం నుంచి ఎంతవుతుందో ముందే తేల్చుకోవాలి. ఫలితాలొచ్చే రోజు ఇద్దరు ముగ్గురు పని మానుకుని వాడలోనే ఉండండి. పాసైనవాడి ఇంటికి సాయంత్రం పోవచ్చు. తప్పినవాడి ఇంటికి అప్పుడే పోండి. వాణ్ణి టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకెళ్ళండి, రాత్రి వాళ్ళింట్లోనే పడుకోండి.

ఆ పల్నాడు పిల్లోడు కాలేజీ మారాడు. ఇప్పుడు ప్రభుత్వ కాలేజీలో చదువుతున్నాడు, మందులు వాడుతున్నాడు. అమ్మ అప్పు ఇంకా తీరలేదు. బ్యాటు మాత్రం బాబాయి కొడుకు దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకున్నాడు.